పది ముడుల దారం

యాగొదా హూదెక్ చేసిన ఆఖరి మామూలు పని చిక్కుడు గింజలు ఒలవడం. అక్టోబరు నెలాఖరు గురువారం. ట్రామ్ దారి కనిపించే వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, ఎండిన కాయల్ని బొటనవేలితో చీల్చి, ఎర్రచారల గింజల్ని గిన్నెలోకి రాలుస్తోంది. పుచ్చుది వేళ్ళకి తగిలితే పక్కనున్న పత్రిక కాగితం మీదికి విసురుతోంది. చూపు మాత్రం ఒక్కసారి కూడా ఒళ్ళోకి దిగలేదు. ఎదురుగా కూర్చున్న దున్యా ముఖం మీదో, సకల పునీతుల పండక్కని వీధిలో దించుతున్న చామంతి కుండీల మీదో ఉంది.

"ఆ కిటికీలో ఏముందని అత్తా అటే చూస్తావు? గింజల్ని చూడు, పుచ్చువి కలిసిపోతాయి," అంది దున్యా.

"పుచ్చేదో మంచిదేదో నా వేళ్ళకి తెలుసులే. నువ్వు నీ కాఫీ సంగతి చూసుకో, చల్లారి చచ్చింది."

"ఎనభై రెండేళ్ళొచ్చినా నోరు మాత్రం తగ్గలేదు."

"నోరు తగ్గితే నువ్వు రావు. ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుకుంటావు. నాకు తెలీదూ?"

గింజలన్నీ ఒక గుడ్డ సంచిలో పోసి, మూతికి దారం చుట్టి, ముడి వేసి దున్యా చేతిలో పెట్టింది. ఎప్పుడూ చెప్పే మాటే మళ్ళీ చెప్పింది. "కత్తెరతో కొయ్యకు. విప్పు. ముడి వేసింది విప్పడానికే."

శనివారం పొద్దున ఆవిడ లేవలేదు. ఆవిడ చెల్లెలి కూతురు బ్లాజెంకా ఫోను చేసేసరికి దున్యా వంటింటి బల్ల మీద ఆ సంచి ఇంకా ముడితోనే ఉంది.

*

దున్యా గుట్ట మీదున్న రసాయన పరిశోధన సంస్థలో చేరింది 1972 శరదృతువులో. దెల్నిత్సె నుంచి వచ్చిన పాతికేళ్ళ పిల్ల. ఆ ఊళ్ళో మంచు మే నెల దాకా కరగదు, మనుషులు అంతకంటే ఆలస్యంగా కరుగుతారు అని ఆమే చెప్పుకునేది. జాగ్రెబ్‌లో ఎవరూ తెలియదు. మొదటి రోజు ప్రొఫెసర్ ఒగ్రిజెక్ ఆమెని కింది అంతస్తులోని బొమ్మల గదికి తీసుకెళ్ళి, అక్కడ ట్రేసింగ్ కాగితం మీద వంగి ఉన్న నలభయ్యేళ్ళ మనిషికి పరిచయం చేశాడు.

"హూదెక్ గారూ, ఈ అమ్మాయి పేరు దున్యా. మీరు స్ట్రాబెర్రీ, ఈవిడ క్విన్సు పండు. ఇద్దర్నీ కలిపి జామ్ కాయొచ్చు."

ఆ భాషలో వాళ్ళ పేర్లకి అర్థాలు అవే. యాగొదా తలెత్తకుండానే, "స్ట్రాబెర్రీని ఊరికే తినొచ్చు ప్రొఫెసర్. క్విన్సుని ఉడికిస్తే గానీ నోట పెట్టలేం. ఎన్నాళ్ళు ఉడికించాలో చూద్దాం," అంది.

సంస్థలో గేటు దగ్గరి మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆవిడని అత్త అనే పిలిచేవాళ్ళు. దున్యాకి కూడా వారం తిరిగేసరికి యాగొదత్త అయింది. ఆ ఏడాదే ఆవిడ ఏదో జబ్బుతో ఆరు వారాలు సెలవు పెట్టి వచ్చిందట. "ఊపిరితిత్తులు," అనేది ఎవరైనా అడిగితే. "ఊపిరితిత్తులకి పల్లెటూళ్ళో ఆరు వారాల పంది కూర వైద్యం," అని జనం ఏడిపించేవాళ్ళు.

ఆవిడ బల్ల కుడివైపు గోడకి ఆనించి ఉండేది, ఎడమవైపు కిటికీ. బొమ్మలు గీసేవాళ్ళకి వెలుతురు ఎడమ నుంచే రావాలి కాబట్టి అందులో వింత ఏమీ లేదు. కానీ భోజనాల గదిలోనూ కుడి భుజం గోడకి ఆనుకుంటే గానీ కూర్చునేది కాదు. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే నిలబడి ఎదురుచూసేది. కాఫీ పోసేటప్పుడు పొడుగు పిడి కాఫీగిన్నె మూతిని కప్పు అంచుకి ఆనించి పోసేది. పెన్ను కాగితం మీద పెట్టే ముందు చిటికెన వేలితో కాగితాన్ని ఒకసారి తాకేది. ప్రొఫెసర్ ఒగ్రిజెక్ దానికీ ఒక మాట కట్టాడు: "హూదెక్ గారి కాఫీగిన్నె ముందు కప్పుని ముద్దు పెట్టుకుంటుంది, ఆ తర్వాతే పలకరిస్తుంది." దున్యాకి ఇవన్నీ ఆ మనిషి నడకలాగా, గొంతులాగా పుట్టుకతో వచ్చినవే అనిపించాయి.

ఆ రోజుల్లో అణువుల బొమ్మలు చేత్తోనే గీయాలి. దున్యా పనికి కావలసిన బొమ్మలు మరీ సాదాగా ఉండేవి. కార్బన్ ఒక చుక్క. రెండు కార్బన్ల మధ్య బంధం ఒక గీత. మిగతా హైడ్రోజన్లన్నీ వదిలేయడమే. చుక్కలూ గీతలూ మాత్రమే మిగిలిన ఆ అస్థిపంజరం నుంచి ఒకే ఒక్క సంఖ్య రాబట్టాలి. ఆ సంఖ్య చూసి ఆ ద్రవం ఎంత వేడికి మరుగుతుందో పొయ్యి వెలిగించకుండానే చెప్పగలగాలి. జాగ్రెబ్‌లో ఆ కాలపు రసాయన శాస్త్రవేత్తలు సగం మంది ఇదే పిచ్చిలో ఉండేవాళ్ళు. పరీక్షనాళికలు ఎండిపోయేవి గానీ పెన్సిళ్ళు అరిగిపోయేవి.

పదిన్నరకి గాబ్లెత్స్ వేళ. పొద్దుటి కాఫీకీ మధ్యాహ్న భోజనానికీ మధ్య నగరమంతా ఆగి తినే తిండి అది. ఒకరోజు ఆ వేళ భోజనాల గదిలో చిక్కుడు గింజల పులుసు తింటూ యాగొదత్త అడిగింది, "పిల్లా, పొద్దస్తమానం చుక్కలు గీయిస్తావు. వీటితో ఏం చేస్తావో చెప్పవా?"

దున్యా తన పళ్ళెంలోంచి నాలుగు గింజలు తీసి అంచు మీద వరసగా పేర్చింది. "ఇవి నాలుగు ఇళ్ళనుకోండి. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ఎన్ని అంగలో లెక్క పెట్టండి. పక్కింటికి ఒకటి, దాని పక్కకి రెండు, చివరిదానికి మూడు. అన్ని జతలూ కలిపితే పది." గింజల్ని కదిపి ఒకదాన్ని మధ్యలో పెట్టి మిగతా మూడూ దాని చుట్టూ ఉంచింది. "ఇప్పుడు కలపండి."

యాగొదత్త చెంచా కొసతో గింజల్ని తాకుతూ లెక్కపెట్టింది. "మూడు ఒకట్లు, మూడు రెళ్ళు. తొమ్మిది."

"తొమ్మిది వచ్చినదే ముందు మరుగుతుంది. తక్కువ వేడికే లేచిపోతుంది."

"అదేంటి? దగ్గరగా కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఉండాలి కదా?"

"తమలో తాము ముడుచుకున్నవాళ్ళకి ఇరుగుపొరుగుతో పట్టు తక్కువ అత్తా. పొడుగ్గా చాపుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి ఎక్కువ తగులుతారు, తొందరగా వదలరు."

యాగొదత్త ఆ నాలుగు గింజల్నీ చెంచాతో దగ్గరికి జరిపింది. "నిజమే. లెపొగ్లావాలో మా పక్కింటివాళ్ళు అంతే. ఎనిమిది మంది ఒక గదిలో, ఎవరితోనూ మాటల్లేవు. మొట్టమొదట ఊరొదిలి జర్మనీ వెళ్ళింది వాళ్ళే." అని, రసాయనశాస్త్రాన్ని తన చెంచాలోకి ఎత్తుకుని తినేసింది.

*

దున్యా డాక్టరేటు అంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. పది కార్బన్ల అణువు, డెకేన్, డెబ్బై అయిదు ఆకారాల్లో ఉంటుంది. అంతకు ముందరి లెక్కల్లో వేర్వేరు ఆకారాలకి ఒకే సంఖ్య వచ్చి కూర్చునేది, దాంతో ఏది ఏదో చెప్పడం కుదిరేది కాదు. దున్యా దూరాలతో పాటు ప్రతి చుక్కకీ ఎందరు పొరుగువాళ్ళో కూడా కలిపి తనదైన కొత్త సంఖ్య ఒకటి తయారుచేసింది. డెబ్బై అయిదింటిలో ఏ రెండింటికీ ఆ సంఖ్య ఒకటి కాదు. ఇదీ ఆ వాక్యం. అది చూసే ప్రొఫెసర్ "ఇది చాలు" అన్నాడు. సంస్థలో ఆమె కొలువు 1974 డిసెంబరు ఆఖరుకి ముగుస్తుంది. ఆ లోపల డాక్టరేటు వస్తే ఉంటుంది, లేకపోతే దెల్నిత్సె బడిలో పిల్లలకి ఉప్పుకీ ఆమ్లానికీ తేడా చెప్పుకుంటూ, మే నెల దాకా మంచు ఎత్తి పోసుకుంటూ బతకాలి. ఆ సంగతి దున్యా ఎవరితోనూ అనలేదు గానీ కిందా పైనా అందరికీ తెలుసు.

ఆకారాలన్నీ ఆమే అట్టముక్కల మీద వేసుకుంది. ఒక్కో అట్ట మీద బొమ్మ, కింద సంఖ్య. మొదటిసారి లెక్కపెడితే డెబ్బై ఆరు వచ్చాయి. ఒకటి ఎక్కువ. అంటే ఏదో ఒక అణువుని తిరగేసి రెండుసార్లు గీసిందన్నమాట. కవలల్ని ఎలా వెతకాలి? సంఖ్య చూస్తే సరి. సంఖ్యల వరసలో పేర్చింది. ఒక చోట రెండు అట్టల మీద ఒకే సంఖ్య కనబడింది. "దొరికారు దొంగలు," అనుకుని అందులో ఒక అట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. డెబ్బై అయిదు మిగిలాయి. ఇంక ఏ రెండూ ఒకటి కావు. ఎంత ముచ్చటగా కుదిరిందో అని ఆ సాయంత్రం తనకి తానే ఒక క్రీము కేకు కొనుక్కుంది కూడా.

అట్టలు బొమ్మల గదికి వెళ్ళాయి. రెండు వారాల్లో యాగొదత్త అన్నిటినీ నల్ల సిరాతో ట్రేసింగ్ కాగితం మీద దింపింది. సమర్పించాల్సింది అక్టోబరు చివరి శుక్రవారం. ఆ సోమవారం గాబ్లెత్స్ వేళ, రొట్టె కోస్తూ, ఉప్పు అడిగినంత మామూలుగా అంది.

"పిల్లా, నీ పన్నెండోవాడూ నలభై ఒకటోవాడూ ఒకడే. టోపీ మార్చి పెట్టుకున్నాడంతే."

దున్యా నవ్వింది. "కాదత్తా. పన్నెండోదానికి ఏడు చుక్కల వరసలో రెండో చుక్క మీద ఒకటి, మూడోదాని మీద రెండు చుక్కల చేయి. నలభై ఒకటోదానికి మూడో చుక్క నుంచి కొస చీలిన చేయి. చూస్తేనే తెలుస్తోంది కదా వేరని. పైగా సంఖ్యలు వేరు."

"సంఖ్యల సంగతి నాకు తెలీదు. మనిషి మాత్రం ఒకడే."

"కాదన్నానుగా."

"ఇంకోసారి చూడు."

ఆ నెలంతా దున్యాకి నిద్ర సరిగా లేదు. టైపు చేయడం అప్పటికే అయిపోయింది, మూడు నకళ్ళు కుట్టడానికి వెళ్ళబోతున్నాయి. ఆమె చెంచా బల్ల మీద పెట్టి, చుట్టూ నలుగురూ వినేలా అంది. "యాగొదత్తా, దేవుడు మీకు రెండు కళ్ళిచ్చింది నేనిచ్చిన బొమ్మ చూసి గీయడానికి. చూసి గీయండి చాలు. లెక్కలు నాకు వదిలేయండి."

యాగొదత్త కత్తిని గుడ్డకి తుడిచింది, రెండువైపులా, నెమ్మదిగా. "చూసి గీశాను," అంది. "ఇది మాత్రం చూసి చెప్పడం లేదు." జేబులోంచి రెండు దారాల చిక్కులు తీసి దున్యా పళ్ళెం పక్కన పెట్టి, తన గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

*

ఆ దారాల్ని దున్యా ముందు పారేద్దామనుకుంది. తర్వాత ప్రయోగశాలలో తలుపు వేసుకుని చూసింది. మామూలు తెల్ల నూలుదారం. ఒక్కోదాంట్లో పది ముడులు. ముడికీ ముడికీ మధ్య గోరంత ఎడం. కొమ్మలున్న చోట దారం ముక్క జోడించి ఉంది. కాగితం ముక్కల మీద 12, 41 అని రాసి కట్టి ఉన్నాయి.

వాటిని ఏం చేయాలో ఆమెకి అర్థం కాలేదు. సిగ్గు చంపుకుని కిందికి దిగింది. యాగొదత్త తల ఎత్తలేదు.

"వీటిని ఎలా పట్టుకోవాలి?"

"రెండు చేతుల్తో. పెళ్ళాన్ని కొట్టేవాడిలా కాకుండా." కాసేపటికి పెన్ను పక్కన పెట్టింది. "ఇలా ఇవ్వు. అన్నిటికంటే పొడుగు దారి ఎక్కడుందో వెతుకు. కొస నుంచి కొసకి. దొరికిందా? ఆ రెండు కొసలూ కలిపి పట్టుకుని మడత పెట్టు. మడత పడిన చోటే వాడి నడుము. అక్కడ పట్టుకుని ఎత్తు. మిగతాదంతా దాని దారిన అదే వేలాడుతుంది. కాగితం మీద వాణ్ణి ఎటు తిప్పి గీసినా, వేలాడదీస్తే వాడు వాడే."

దున్యా పన్నెండోదాన్ని నడుము పట్టుకుని ఎత్తింది. నలభై ఒకటోదాన్ని ఎత్తింది. ఒక పక్క మూడు ముడుల జారుడు. రెండో పక్క ఒక ముడి, దాని నుంచి రెండు పాయలు, ఒకటి తిన్నగా, ఒకటి కొస చీలి. రెండింటిలోనూ అంతే. వేళ్ళతో పై నుంచి కిందికి తడిమితే తేడా లేదు.

పైకి పరుగెత్తి లెక్క మళ్ళీ చేసింది. నలభై ఒకటోదాని కూడికలో ఒక చోట ఎనిమిదిని ఆరు చేసింది. ఒకే మనిషికి రెండు సంఖ్యలు ఇచ్చింది. అంటే మిగిలినవి డెబ్బై నాలుగే. డెబ్బై అయిదోది ఏదని అడగాల్సిన పని లేకపోయింది. అది ఆ రోజు తను చెత్తబుట్టలో వేసినది. అది కవల కాదు, వేరే మనిషే. ఆ సంఖ్య నిజంగానే ఇద్దరికి వచ్చింది. తన సంఖ్య ఎన్నడూ రెండుసార్లు రాదన్న నమ్మకంతో, వచ్చిన ఒక్కసారీ దాన్ని తనే ఏరి పారేసింది.

మంగళవారమంతా ఆ వాక్యం ముందు కూర్చుంది. పట్టికలో డెబ్బై అయిదు వరసలున్నాయి. లెక్క సరిపోయింది. పన్నెండునీ నలభై ఒకటినీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి పరీక్షా సంఘంలో ఎవరూ ఉండరు. తెలిసినది ఇద్దరికే, అందులో రెండో మనిషికి సంఖ్యల సంగతి తెలీదు. బుధవారం పొద్దున ఆమె బల్ల మీద ఒక ట్రేసింగ్ కాగితం ఉంది. పారేసిన ఆకారం, సిరాతో, శుభ్రంగా. మూల చిన్నగా 41 అని వేసి ఉంది. చెత్తబుట్టలోకి పోయినదాన్ని ఆవిడ డెబ్బై నాలుగు దారాలు వేలాడదీసి, ఇంకా ఏ వేలాట మిగిలిందో వెతికి పట్టుకుంది. పక్కన ఒక మాట కూడా రాయలేదు.

దున్యా ఆ కాగితం తీసుకుని నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

ఒగ్రిజెక్ అంతా విని, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు. "అయితే మీ కొలబద్దకి ఎక్కడ సొట్ట ఉందో తెలిసింది. మిగతావాళ్ళవి కూడా సొట్టవే, ఎక్కడో వాళ్ళకింకా తెలీదు. ఈ ఇద్దరికీ సంఖ్య ఎందుకు కలిసిందో రాయండి."

"శుక్రవారం లోపలా?"

"డిసెంబరు పది లోపల. మిగతా ఇరవై రోజులు నేను చూసుకుంటాను. ఊరికే ఏడవకండి, ఆ కాగితం మీద పడితే సిరా చెదురుతుంది. హూదెక్ గారు నన్ను చంపుతారు."

ఆ ఏడు వారాలూ దున్యా ఆ జంట అణువుల మీదే కూర్చుంది. యాగొదత్త మిగిలిన దారాలన్నీ మళ్ళీ సరిచూసి ఇచ్చింది. మొదటి వారం దున్యా గసగసాలు పెట్టి చుట్టిన రొట్టె ఒకటి కొనుక్కుని కింది గదికి వెళ్ళింది.

"ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"అదే అత్తా. భోజనాల గదిలో."

"గసగసాలు తక్కువ వేశాడు బేకరీవాడు," అంది యాగొదత్త నములుతూ. "ఇంకో ముక్క కొయ్యి."

"ఈ ముడుల విద్య మీకెలా వచ్చింది? లెపొగ్లావాలో లేసు అల్లుతారు కదా, అందులోంచా?"

"అనుకో," అంది.

దున్యా అలాగే అనుకుంది.

పరీక్షకి ముందురోజు ఆమె బతిమాలింది. "అత్తా, మీరూ రండి. ఈసారి కవలలెవరూ లేరని ఎలా చెప్పగలవు అని కచ్చితంగా అడుగుతారు. మీరు దారాలు పట్టుకుని చూపిస్తే నోరెత్తరు. థీసిస్‌లో మీ పేరు కూడా రాస్తాను, ఈ పద్ధతి మీదని."

యాగొదత్త ముఖం మొట్టమొదటిసారి గట్టిపడింది. "నా పేరు బొమ్మల కింద ఉంది, చాలు. పద్ధతీ గిద్దతీ అని రాశావంటే నీతో మాట్లాడను."

"ఎందుకత్తా?"

"పిలుస్తారు. ఎలా చూశావు, ఎందుకిలా చేశావు అని నలుగురూ చుట్టూ చేరి అడుగుతారు. నన్ను ఆ గోలలోకి లాగకు పిల్లా. నా పని నన్ను చేసుకోనీ."

సిగ్గు, అనుకుంది దున్యా. పల్లెటూరి మనిషి, పెద్దవాళ్ళ ముందు నిలబడాలంటే భయం.

అనుకున్నట్టే అడిగారు. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన ముసలి ఆచార్యుడు పట్టిక మీద వేలు పెట్టి, "ఒకసారి తప్పిన మనిషి రెండోసారి తప్పలేదని నేనెలా నమ్మాలి?" అన్నాడు. దున్యా సంచిలోంచి డెబ్బై అయిదు దారాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని ఒకటి ఎత్తాడు, ఇంకొకటి ఎత్తాడు, మూడోదాన్ని ఎత్తాడు. అరగంట గడిచింది. సంఘమంతా పిల్లల్లా దారాలు వేలాడదీస్తూ కూర్చుంది. "ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, "లెపొగ్లావా లేసు అల్లేవాళ్ళ పద్ధతి," అని చెప్పింది దున్యా. పేరు చెప్పలేదు.

బయటికి వచ్చేసరికి యాగొదత్త మెట్ల దగ్గర, కుడి భుజం గోడకి ఆనించి నిలబడి ఉంది. దున్యా ముఖం ఒకసారి చూసింది. చేతిసంచిలోంచి చిన్న సీసా, రెండు గ్లాసులు తీసింది. ప్లమ్ పండ్ల సారాని, సీసా మూతి గ్లాసు అంచుకి ఆనించి, చుక్క ఒలకకుండా పోసింది.

"డాక్టరు గారూ, ఇవాళ్టి నుంచి నన్ను ‘మీరు’ అనకు. ‘నువ్వు’ అను."

"నా వల్ల కాదత్తా."

"ఉడికావుగా. ఇప్పుడు నోట్లో పెట్టుకోవచ్చు. అను."

"నువ్వు," అంది దున్యా, అని ఏడ్చేసింది.

*

తర్వాత నలభై ఏళ్ళు గడిచాయి. ఆ కొలువు అలాగే నిలిచింది. దున్యా థీసిస్‌లో మిగతాదంతా జనం మరచిపోయారు గానీ, ఆ జంట అణువుల అధ్యాయాన్ని మాత్రం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఎత్తి చూపుతారు. కంప్యూటర్లు వచ్చి బొమ్మల గదిని మూసేశాయి. ఆవిడ పదవీ విరమణ రోజున దున్యా తెచ్చిన కేకు మీద క్రీముతో పది చుక్కలు, తొమ్మిది గీతలు ఉన్నాయి. యాగొదత్త దాన్ని కాసేపు చూసి, "పన్నెండోవాడు," అని సరిగ్గా నడుము దగ్గర కోసింది. యుద్ధం వచ్చి పోయింది. డబ్బు పేరు రెండుసార్లు మారింది. గురువారాలు మాత్రం మారలేదు. ఇద్దరూ నడిచేటప్పుడు యాగొదత్త ఎప్పుడూ దున్యాని తన కుడిపక్కకి తోసి, చేయి పట్టుకునేది. "నువ్వు ఇటు రా, నీకు ట్రాములు చూసుకోవడం రాదు," అనేది.

దున్యా ప్రతి ఏడూ కొత్త విద్యార్థులకి మొదటి పాఠంలో పన్నెండోదాన్నీ నలభై ఒకటోదాన్నీ నల్లబల్ల మీద గీసేది. వాళ్ళు రెండూ వేరు అన్నాక, చేతికి దారాలు ఇచ్చేది. లేసు అల్లే ఊరి నుంచి వచ్చిన, డేగ కళ్ళ మనిషి కథ చెప్పేది.

యాగొదత్తని లెపొగ్లావాలో ఖననం చేశారు. ఆ రోజు వాన. స్మశానమంతా అంతకు మూడు రోజుల కిందటి పండగ చామంతులు తడిసి వాలిపోయి ఉన్నాయి. తర్వాత ఆనవాయితీ ప్రకారం ఊరి సత్రంలో భోజనం పెట్టారు. ముందు వేడి పులుసు, దాని వెనక కాల్చిన కోడి. బ్లాజెంకా, దున్యా పక్కపక్కన కూర్చున్నారు. దున్యా చేతిసంచిలోంచి ఆ రెండు దారాలు తీసి, నలభై ఏళ్ళుగా చెబుతున్న కథే మళ్ళీ చెప్పింది. లెక్కలో దొరకనిది లేసు అల్లే చేతికి ఎలా దొరికిందో చెప్పింది.

బ్లాజెంకా నవ్వింది. "లేసా? పెద్దమ్మకా? అయ్యో, మా అమ్మకి వచ్చు లేసు. పెద్దమ్మకి అదంటే ఒళ్ళు మంట. అది తప్పించుకోవడానికే పదహారేళ్ళకి జాగ్రెబ్ పారిపోయింది."

"మరి ఈ ముడులు?"

"అవి కంటి కోసం కదా." బ్లాజెంకా చెంచా ఆగిపోయింది. "మీకు చెప్పలేదా? ఇన్నేళ్ళూ?"

బ్లాజెంకా పులుసు గిన్నె పక్కకి జరిపి, గొంతు తగ్గించింది.

"ఉన్న ఆ ఒక్క కంటిని మధ్యాహ్నం మూడు దాటాక అలసిపోనివ్వొద్దన్నాడు డాక్టరు. అందుకని మీ బొమ్మల్ని దారాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. దీపం కూడా వెయ్యకుండా కూర్చుని తడుముకునేది. మీ చోట తెలిస్తే బొమ్మల గదిలో ఉంచుతారా, బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పొద్దు అని మా అమ్మ చేత ఒట్టు వేయించుకుంది. ఊపిరితిత్తులని చెప్పి ఆరు వారాలు సెలవు పెట్టింది చూడండి, అప్పుడే పోయింది. కుడి కన్ను. డెబ్బై రెండు మార్చిలో."